శవాసనంలో కాళ్ళాడించే నీ కొత్త శిష్యుడి గురించి

ఒరేయ్ యోగా మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. కొత్తగా చేరినతను శవాసనంలో రెండు నిమిషాలు కూడా కుదురుగా ఉండడనీ, కళ్ళు మూసుకోమంటే మూసుకోడనీ, బొత్తిగా శ్రద్ధ లేదనీ రెండు పేజీలు వాపోయావు. ఆఖర్న తీరిగ్గా ‘అతనికి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయట’ అన్నావు. ఆ ముక్క మొదటి వాక్యంలో ఉండాల్సిందిరా!

రెండూ ఒకరికే ఉంటాయా అన్నావు. ఉంటాయి, తరచుగానే. మానసిక వైద్యులు నిర్ధారణ చేసేందుకు వాడే అమెరికా నియమావళి ఒకటుంది, డీఎస్ఎం అని. 2013లో దాని అయిదో కూర్పు డీఎస్ఎం-5 వచ్చేదాకా ఆటిజం ఉన్నవాళ్ళకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి ఆ నియమావళే ఒప్పుకునేది కాదు. అందుకే పెద్దవాళ్ళలో చాలామంది సగం నిర్ధారణతోనే బతికారు. వెలుతురు, చప్పుడు, స్పర్శ మితిమీరి తగలడమో, అసలు తగలకపోవడమో ఆటిజం లక్షణాల పట్టికలో చేరింది కూడా అప్పుడే.

ఏడీహెచ్‌డీకి పెట్టిన పేరే, అంటే ‘శ్రద్ధ లోపం, అతి చురుకుదనం’ అన్నదే, తప్పుదోవ పట్టిస్తుంది. శ్రద్ధ లేకపోవడం కాదది. ఉన్న శ్రద్ధను కావలసిన చోటికి మళ్ళించడం, వద్దన్నప్పుడు వెనక్కి లాక్కోవడం కష్టం. అలాంటివాళ్ళలో చాలామందికి కాలు ఊపడమే మనసును నిలబెడుతుంది. ఆపించావనుకో, కాలు కదలకుండా చూసుకోవడానికే బుద్ధంతా ఖర్చయిపోయి నువ్వు చెప్పేది చెవికెక్కదు.

ఇక కళ్ళ సంగతి. మన చెయ్యి, కాలు ఎక్కడున్నాయో కండరాలు, కీళ్ళు మెదడుకు చెబుతుంటాయి. ఆ కబురు సరిగ్గా అందనివాళ్ళు చూపుతో సరిపెట్టుకుంటారు. కళ్ళు మూయిస్తే ఆ ఆధారమూ పోతుంది. తెరిచే ఉంచనీ, పైకప్పు మీద ఒక చుక్క చూసుకుంటాడు.

‘మీ శరీరం ఏం చెబుతోందో వినండి’ అని తరగతికి పదిసార్లు అంటావు చూడు, అసలు చిక్కు అక్కడుంది. ఆకలి, దాహం, గుండెదడ లాంటి లోపలి కబుర్లను అందుకోవడాన్ని ఇంటెరోసెప్షన్ అంటారు. ఆటిజం ఉన్న చాలామందికి ఆ కబుర్లు మసకగా వస్తాయి, లేదంటే ఆలస్యంగా, ఒక్కసారిగా కేకలా వస్తాయి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అనేస్తాడు. నలుగురిలో మామూలుగా కనబడాలని ఏళ్ళ తరబడి నేర్చుకున్న జవాబది. ఇంటికెళ్ళి కుప్పకూలిపోయినా నీకు తెలియదు. ‘తొడ వెనక లాగుతోందా, లేదా?’ అని అడుగు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న కావాలి.

అతని మోచేతులు ఒకసారి గమనించు. చేతుల మీద బరువు మోపినప్పుడు మోచెయ్యి తిన్నగా ఆగకుండా ఇంకాస్త వెనక్కి విరిగినట్టు వంగుతోందా? ఇలా కీళ్ళు మరీ వదులుగా ఉండటం ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. మనం దాన్ని చూసి ‘అబ్బ, ఎంత చక్కగా వంగుతున్నాడో’ అని మెచ్చుకుంటాం, మర్నాడు అతను నొప్పితో లేస్తాడు. మోచేతులు, మోకాళ్ళు ఎప్పుడూ వేలెడంత వంపులో ఉంచమను. ఎంత దూరం వంగగలడో అంతదూరం పోనివ్వకు, ముప్పావు వంతు దగ్గర ఆపెయ్.

వరస ఇలా పెట్టు, మొత్తం పావుగంట దాటనివ్వకు. మొదట గోడకు చేతులు ఆనించి, దాన్ని జరపబోతున్నట్టు 10 సెకన్లు తొయ్యడం, మూడుసార్లు. ఒళ్ళు ఎక్కడుందో మెదడుకు గట్టిగా తెలిసేది ఈ తోపుడుతోనే, మానిపించకు. తరవాత చేతులు, మోకాళ్ళ మీద పిల్లిలా నిలిచి వీపు పైకీ కిందికీ వంచే మార్జాలాసనం, నెమ్మదిగా ఆరుసార్లు. మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగి, నుదుటి కింద దిండు పెట్టి బాలాసనం, అయిదు శ్వాసలు. వెల్లకిలా పడుకుని కుర్చీ మీద పిక్కలు ఆనించి మూడు నిమిషాలు. చివర శవాసనం బదులు పక్కకు తిరిగి పడుకుని, తొడల మీద మడతపెట్టిన దుప్పటి. బరువు హాయిగా ఉంటే ఉంచుకుంటాడు, లేకపోతే తనే తీసేసేలా ఉండాలి. రోజూ ఇదే వరస. నీకు విసుగేమో గానీ, తరవాత ఏం రాబోతోందో తెలియడమే అతనికి సగం విశ్రాంతి.

ఒక్కో మాటలో ఒక్కటే సూచన ఇవ్వు. కుడిఎడమలు తడబడితే ‘కిటికీ వైపు చెయ్యి’ అను. అడక్కుండా ముట్టుకుని సరిదిద్దకు. అగరొత్తులు ఆ గంటకి మానెయ్. రొద చేసే ట్యూబులైటు కూడా ఆర్పెయ్.

శ్వాస దగ్గర మాత్రం జాగ్రత్త. మూడు లెక్కపెడుతూ పీల్చి, అయిదు లెక్కపెడుతూ వదలడం చాలు. వదిలే ఊపిరి పొడవైతే మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం తగ్గుతుంది. కుంభకం, అంటే ఊపిరి బిగపట్టడం, వద్దు. వేగంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక అసలే వద్దు. ఆటిజం ఉన్నవాళ్ళలో మూర్ఛరోగం (ఫిట్స్) మామూలు కంటే ఎక్కువ, వేగంగా ఊపిరి తీస్తే కొన్ని రకాల మూర్ఛలు రేగుతాయి. మూర్ఛ ఉందా అని మొహమాటపడకుండా ముందే అడుగు. శ్వాసను గమనిస్తుంటేనే గుబులు పుట్టేవాళ్ళూ ఉంటారు. అలాంటప్పుడు అరికాళ్ళు నేలకు తగిలే చోటు గమనించమను.

ఎప్పుడైనా చెవులు మూసుకుని అరిచినా, ఉన్నట్టుండి మాట ఆగిపోయినా మొండితనం అనుకోకు. మెదడు ఇక మోయలేక చేతులెత్తేసిందన్నమాట. మాట్లాడకు, కారణాలు అడక్కు. వెలుతురు తగ్గించి, దారి వదిలి, దూరంగా కూర్చో.

దీంతో ఆటిజం తగ్గుతుందని మాత్రం ఎవరికీ చెప్పకు. తగ్గదు, తగ్గించాల్సిన పనీ లేదు. ఒంట్లో బిగువు, ఆందోళన కాస్త సడలి, నిద్ర కొంత మెరుగైతే అదే లాభం. మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు వదిలెయ్, మానెయ్యమని నోరుజారకు.

ఇంటి దగ్గర సాధన చెయ్యట్లేదని కోప్పడుతున్నావటగా. మ్యాట్ చుట్టి బీరువాలో పెడితే అది అతని లెక్కలో లేనట్టే. పరిచే ఉంచమను. పళ్ళు తోముకున్న వెంటనే ఒక్క గోడ తోపుడు, అంతే.

వచ్చే తరగతికి ముందు ఆ వరస కాగితం మీద రాసి అతనికి పంపు. ఏం జరిగిందో నాకు రాయి, ఈసారి ముఖ్యమైన ముక్క మొదట్లోనే.

నీ
నేస్తం