దీవుల ఆటకు పాత్రల మార్పులు

మిత్రులారా, తలో పాత్ర ధరించి కథ నడిపే మన కొత్త ఆట పసిఫిక్ సముద్రంలోని పాలినేషియా దీవుల పాతకాలపు తరహాలో సాగుతుంది కాబట్టి పాత్రలు ఎంచుకునే ముందు ఇది చదవండి. అక్కడ ఇనుము లేదు. ఉక్కు కవచాల మీద ఆశ వదులుకోండి. యోధుడి చేతిలో అంచుల వెంట సొరచేప పళ్లు బిగించిన హవాయి ఆయుధం లేయోమనో గానీ, న్యూజిలాండ్ మావోరీల పచ్చరాతి పొట్టి గద మెరె గానీ ఉంటుంది. విలుకాడే కావాలని పట్టుబట్టేవారికి ఒక మాట: తాహితి దీవిలో విల్లు అక్కడి దొరల వినోదం, యుద్ధానికి వడిసెలే. మాంత్రికుడి స్థానంలో నావికుడిని పెట్టాను. నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే. చుక్కలు పొడిచే చోటు, అలల తీరు, సాయంత్రం గూటికి మళ్లే పక్షుల దారి చూసి దీవిని పట్టుకుంటాడు. 1976లో హోకులేఆ పడవ హవాయి నుంచి తాహితికి పరికరాలేవీ లేకుండా ఇలాగే చేరింది. పూజారి బలం మానా, అంటే దైవశక్తి. తపు, అంటే పవిత్రమైన నిషేధం, మీరితే అది తగ్గుతుంది. దొంగ పాత్ర సంగతి ఇంకా తేల్చలేదు. ఎవరికి ఏది కావాలో శుక్రవారంలోగా చెప్పండి.