వేటగాడి పరీక్ష, మా బ్యాంకు పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో 'బ్లేడ్ రన్నర్' సినిమా మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఆ సినిమాలో పోలీసుల తరఫున వేటగాడు వెంటాడేవాళ్లను మీ వ్యాసంలో 'ఇనుప రోబోలు' అని రాశారు. అది పొరపాటు. మా మనవరాలు ఈమధ్యే ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించింది కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. వాళ్లు రక్తమాంసాలతో తయారుచేసిన మనుషులు, కొడితే నెత్తురు వస్తుంది. నిజంగా ఇనుపవాళ్లే అయితే కనిపెట్టడానికి ఒక అయస్కాంతం చాలదూ!

మాది కావలి పక్క పల్లెటూరు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేశాను. ఇంగ్లీషు సినిమాలు నాకు అలవాటు లేదు. ఇది 1982లో తీసింది, కథ జరిగేది 2019 నవంబరులో, లాస్ ఏంజెలెస్‌లో. సినిమా అంతా చీకటి, వాన. మా చెన్నై నవంబరులాగే ఉంది, వీధిలో మోకాళ్లలోతు నీళ్లు ఒక్కటే తక్కువ. అందులో ఈ తయారుచేసిన మనుషుల్ని చంపడాన్ని చంపడం అనరు, 'రిటైర్ చేయడం' అంటారు. ఆ మాటకి ఉలిక్కిపడ్డాను. నన్ను రిటైర్ చేసినప్పుడు దండ వేసి గోడ గడియారం ఇచ్చారు. అది ఆగిపోయి చాలా కాలమైందనుకోండి.

వేటగాడి తుపాకీ కంటే అతని పరీక్షే నన్ను పట్టేసింది. ఎదుటివాడు మామూలు మనిషా, తయారైన మనిషా అని తేల్చడానికి కూర్చోబెట్టి, కంటికి ఎదురుగా ఒక మెషిన్ పెట్టి, ప్రశ్నలు అడుగుతూ కంటిపాప ఎలా కదులుతోందో చూస్తాడు. రేచల్ అనే అమ్మాయిని వందకు పైగా ప్రశ్నలు అడుగుతాడు. తను తయారైన మనిషినని పాపం ఆ పిల్లకే తెలియదు.

ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. మాలాంటి రైల్వే పింఛనుదారులు ఏటా నవంబరులో బతికున్నట్టు రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, అంటే వేలిముద్రో కంటిపాపో మెషిన్‌కి చూపించి ఆ రుజువు ఇచ్చే పద్ధతి. అంతకుముందు బ్యాంకులో కాగితం మీద సంతకం పెట్టి, మేనేజరుతో రెండు మాటలు మాట్లాడి వచ్చేవాళ్లం. ఆకురాయి పట్టిన చేతులు నావి, వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. పోయిన నవంబరులో బొటనవేలు నాలుగుసార్లు పెట్టాను. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. లాభం లేదు. కంటి మెషిన్ తెచ్చారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లాయె. కౌంటర్‌లో అమ్మాయి "సార్, కణ్ణ నల్లా తొరంగ" అంటుంటే ఇంకెంత తెరవను? ఆ అమ్మాయికి నేను ఆరేళ్లుగా తెలుసు. మా ఆవిడ పోయినప్పుడు ఇంటికొచ్చి పలకరించింది కూడా. "మీరు నాకు తెలుసు సార్, కానీ సిస్టమ్ ఒప్పుకోవాలి కదా" అంది. డిసెంబరు పింఛను ఆగింది.

సినిమాలో రేచల్ ఒక రాత్రి వేటగాణ్ణి అడుగుతుంది, ఆ పరీక్ష నువ్వెప్పుడైనా చేయించుకున్నావా అని. జవాబు రాదు. తిరిగి చూస్తే అతను నిద్రపోయి ఉంటాడు. నేను ఆ ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పించి చూశాను.

ఇక నా మనవి. కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి రద్దు కాలేదు. మా బ్యాంకులో ఫారం అడిగితే "ఇప్పుడవి లేవు సార్" అన్నారు. మనవరాలు నిబంధన ప్రింటు తీసుకొచ్చి చూపించాక బీరువా అడుగునుంచి బయటికొచ్చింది. ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి 2021 నుంచి ఉన్నమాట నిజమే, కానీ నాతో పనిచేసినవాళ్లలో సగం మంది దగ్గర ఇంకా బటన్ల ఫోన్లే. అక్టోబరు దాటకముందే మీ పత్రికలో ఈ సంగతి కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

నేను ఈసారికి ఐదు ఫారాలు జిరాక్స్ తీయించి పెట్టాను. నాకొకటి, మిగతా నాలుగూ మా వీధిలోవాళ్లకి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
పెరంబూరు, చెన్నై