ఎందుకు పోటీ అంటే జవాబుండాలి

సంపాదకులకు నమస్కారం. అమెరికా అధ్యక్ష అభ్యర్థుల్లో ఒకరిని వేరుగా నిలబెట్టేది విరాళాల కన్నా ముందు, ‘ఎందుకు పోటీ చేస్తున్నారు’ అన్నదానికి సూటి జవాబు. 1979లో ఎడ్వర్డ్ కెన్నెడీ టీవీ ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నకే తడబడ్డారు. మరుసటి ఏడాది సొంత డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి ఎంపికలోనే అప్పటి అధ్యక్షుడు కార్టర్ చేతిలో ఓడారు.

1992లో అధ్యక్ష అభ్యర్థుల మధ్య రిచ్‌మండ్‌లో జరిగిన చర్చలో ఒక మహిళ ఆర్థిక కష్టాల గురించి అడిగితే, బిల్ క్లింటన్ ఆమె దగ్గరకు నడిచి వెళ్లి, కళ్లలోకి చూస్తూ మాట్లాడారు. అదే వేదికపై అప్పటి అధ్యక్షుడు సీనియర్ బుష్ చేతి గడియారం చూసుకోవడం కెమెరాకు చిక్కింది. ఓటరుకు గుర్తుండేవి ఇలాంటివే.

అయితే ఆకర్షణ ఒక్కటే చాలదు. గెలవాలంటే, రాష్ట్రాలవారీగా దక్కే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రావాలి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కన్నా దేశమంతటా 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా చేజారి ఓడారు. ఇలాంటి రాష్ట్రాల్లో ఎవరు ఏం చెబుతున్నారో మీ విశ్లేషణల్లో రాయించాలని మనవి.

– ఒక పాఠకుడు