మామునూరులో గోడ కన్నా ముందు బాట వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ పక్కన మూతపడి ఉన్న పాత మామునూరు విమానాశ్రయాన్ని మళ్ళీ తెరవడం గురించి పత్రికలో రోజూ ఏదో ఒక ముక్క వస్తూనే ఉంది. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, అనుమతి ఎవరు తెచ్చారు, ఇన్నాళ్ళూ ఎవరు అడ్డం పడ్డారు. అన్నీ చదువుతున్నాను. ఒక్క సంగతి మాత్రం ఎక్కడా కనపడలేదు. రన్‌వే పొడిగిస్తే పక్క ఊళ్ళ బాట ఏమవుతుంది?

ఇది అడగడానికి నేనెవరినంటే, పోస్ట్‌మ్యాన్‌గా చేసి 2017లో రిటైరైనవాణ్ణి. సర్వీసులో సగానికి పైగా నా బీటు, అంటే ఉత్తరాలు పంచే దారి, మామునూరు వైపే. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి వైపు ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో చల్ల ఇస్తారో ఇప్పటికీ చెప్పగలను. ఎండాకాలం అడ్డదారిన పోదామని ఆ పాత రన్‌వే మీద సైకిలు తొక్కేవాణ్ణి. పగుళ్ళలో గడ్డి మొలిచి ఉండేది, ఒక పక్క మేకలు, ఒక పక్క ఎవరో ఆరబోసిన మక్కలు. విమానం దిగని రన్‌వే మీద ఎయిర్‌మెయిల్ కవర్లు మోసిన పోస్ట్‌మ్యాన్ నేనొక్కణ్ణే అయి ఉంటానని మావాళ్ళతో నవ్వుతూ చెప్తుంటాను. అమెరికాలో కొడుకు, ఇక్కడ తల్లి. నీలం ఎరుపు గీతల కవరు సంచిలోంచి తియ్యగానే ఆమె చేతులు కొంగుకు తుడుచుకునేది.

మా నాయన వరంగల్ అజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. ఈ ఏరోడ్రోమ్ 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వేసిందే. మా మిల్లుకూ, అటు కాగజ్‌నగర్ కాగితం మిల్లుకూ వచ్చిపోయే పెద్దమనుషులకు వీలుగా ఉంటుందని వేశారని నాయన చెప్పేవాడు. 1,875 ఎకరాల జాగ. అప్పట్లో దేశంలోనే పెద్ద ఏరోడ్రోమ్‌లలో అదొకటని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది, తనే కట్టించినట్టు. 1981 దాకా ఏదో ఒక రాకపోక ఉండేది. తర్వాత అంతా ఆగిపోయింది. చుట్టుపక్కల పోలీసు శిక్షణ కాలేజీ, బెటాలియన్, పశువైద్య కాలేజీ వచ్చాయి. చివరికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో మిగిలింది 696 ఎకరాలు. మిల్లు కూడా మూతపడింది. దాని సైరను విని గడియారం సరిచేసుకున్న మా తరం ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో వాకిట్లో కూచుంటోంది.

అందుకని నాకు విమానం వద్దు అని ఎవరూ అనుకోవద్దు. నాకే ఆశ ఎక్కువ. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న పాత ఒప్పందం ఏళ్ళ తరబడి అడ్డం పడింది. ఆ ముడి విప్పారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 253 ఎకరాల భూసేకరణకు 205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం సరేనంది. ఆ వార్త వచ్చిన రోజు నేనూ మిఠాయి తిన్నాను. ఘనత మాదంటే మాదని రోడ్డు మీద కొట్లాడుకున్నవాళ్ళ సంగతి వాళ్ళకే వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. చిన్న ఏటీఆర్ విమానం వరకే అయితే కొంచెం జాగతో సరిపోయేది. కానీ ఎయిర్‌బస్ ఏ-320, బోయింగ్ 737 రకం పెద్ద విమానాలు దిగాలంటున్నారు. మంచిదే. విమానాశ్రయాల పనుల్లో సర్వేయరుగా చేసే మా చెల్లెలి కొడుకు ఒకసారి ఇంటికొస్తే కాగితం మీద గీసి చూపించాడు. నేననుకున్నది, రన్‌వే అంటే మన నాలుగు లైన్ల రోడ్డు లాంటిది, మహా అయితే దానికి రెండింతలని. తారు వేసే వెడల్పు 45 మీటర్లే మామయ్యా, కానీ మబ్బుల్లో కూడా పరికరాల సాయంతో దిగాలంటే రన్‌వే నడిమి గీత నుంచి ఇటు 140 మీటర్లు, అటు 140 మీటర్లు ఏ అడ్డూ లేకుండా ఉండాలి అన్నాడు. ఆ చివరా ఈ చివరా విమానం జారిపోతే ఆగడానికి ఇంకో 240 మీటర్ల జాగ విడవడం మంచిదట. వీటన్నిటి చుట్టూ ప్రహరీ. దాని లోపల కాపలా జీపు తిరిగే రోడ్డు.

వాడు గీసిన పొడుగు డబ్బా మీద నేను పెన్సిలుతో నా పాత బీటు గీశాను. డబ్బాలోకి పోయి మళ్ళీ బయటికి రాలేదు.

మా గీతలు తప్పు కావచ్చు. అసలు ప్లాను అధికారుల దగ్గర ఉంటుంది. ఆ ప్లానులో ఊరి బాట ఏ రంగు గీతతో ఉంది, ఎక్కడ తెగుతుంది, తెగినచోటు నుంచి కొత్త బాట ఎటు తిరిగి ఎక్కడ ఖమ్మం రోడ్డెక్కుతుంది, మొత్తం ఎన్ని కిలోమీటర్లు, ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే సగం గోల తగ్గుతుంది.

మొన్న ఆ వైపు ఒక చావుకు పోయి వస్తుంటే నాకు బాగా తెలిసిన అవ్వ ఒకామె ఆపింది. ఎనభై దాటి ఉంటాయి. ఆమెకు నేను పింఛను ఇచ్చిన రోజులున్నాయి. మడతలు పెట్టిన కాగితం రవికెలోంచి తీసి చేతిలో పెట్టింది. "గీ కాయితంల ఏం రాసిండ్రో జెర సదువు బిడ్డా. మనుమడు సదివిండు గని వాడు తొందర్ల సదువుతడు." భూసేకరణ నోటీసు. చదివాను. సర్వే నంబరు, దాని కింద ఉపసంఖ్య, ఎకరం ఆరు గుంటలు, పట్టాదారు పేరు, అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి గడువు. ఆమె చెవి దగ్గరికి తెచ్చి ఒక్కో మాటా విని, అయిపోయాక అడిగింది: "భూమి సంగతి రాసిండ్రు. మరి బాట సంగతి ఏడ రాసిండ్రు?"

కాగితం తిరగేసి కూడా చూశాను. వెనకంతా తెల్లగా ఉంది.

ఆమెకు భూమి పోతుందని దుఃఖం లేకపోలేదు. కానీ పోయేది ఎంత, వచ్చేది ఎంత అన్నది లెక్క. బేరమాడొచ్చు, భూమికి భూమి అడగొచ్చు, కోర్టుకు పోవచ్చు. బాటకు సర్వే నంబరు ఎవరి పేరునా ఉండదు కాబట్టి నోటీసు ఎవరికీ రాదు. పొద్దున ఐదింటికి పాల క్యాన్లు కట్టుకుని వరంగల్ పోయే పిల్లగాడు గుంట భూమి లేనివాడు కావచ్చు. వాడు ఏ జాబితాలో ఉంటాడు? మిరపకోతకు ఆటోలో పది మంది కూలీలు పోతారు, చుట్టు తిరుగుడైతే ఆటోవాడు మనిషికి పది రూపాయలు ఎక్కువ అడుగుతాడు, అది ఎవరు ఇస్తారు? పత్తి, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు తోలే ట్రాక్టరు కిరాయి కూడా అంతే.

2013 భూసేకరణ చట్టం తెలుగు అనువాదం సంపాదించి చదివాను. కళ్ళద్దాలు రెండు జతలు పెట్టుకోవాల్సి వచ్చింది. సామాజిక ప్రభావం అంచనా వేసేటప్పుడు రోడ్లు, బస్సులు, మురుగు కాల్వలు, తాగునీళ్ళ మీద ఏం దెబ్బ పడుతుందో కూడా చూడాలని అందులో ఉంది. ఊరు ఖాళీ చేయించి వేరేచోట కట్టిస్తే అక్కడి నుంచి దగ్గరి పక్కా రోడ్డు దాకా అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వెయ్యాలని చివర పట్టికలో ఉంది. ఊరు ఉన్నచోటే ఉండి బాట ఒక్కటే పోతే ఏం చెయ్యాలో అంత వివరంగా నాకు కనపడలేదు. లేచిపోయే ఊరికి ఉన్న భరోసా ఉండిపోయే ఊరికి లేకపోవడం విచిత్రంగా లేదూ?

గోడ ముందు, బాట తర్వాత అయితే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. ఆ ఊరి పేరూ, గోడ కట్టినవాళ్ళ పేరూ రాయను. ఇప్పుడు రాసి లాభం లేదు. మామునూరు వైపు కాదు, నేను కొన్నాళ్ళు పనిచేసిన ఇంకో బీటు. "రెండు నెల్లలో కొత్త రోడ్డు వేస్తాం" అని మాటిచ్చి పాత బాటకు అడ్డంగా గోడ కట్టారు. నాలుగు వానాకాలాలు పోయాయి. ఒక శనివారం నా సంచిలో ఆ ఊరి పిల్లవాడికి ఇంటర్వ్యూ కాల్‌లెటర్ ఉంది. సోమవారం పొద్దున పదింటికి హైదరాబాద్‌లో ఉండాలి. కవరు మీద చూసి నాకు అర్థమైంది. కానీ ఆ రోజు వాన. చుట్టు తిరిగి పోతే మధ్యలో వాగు. సైకిలు భుజాన వేసుకుని మోకాలి లోతు దాకా దిగి, ఇంక కాదని వెనక్కి వచ్చాను. ఆదివారం సెలవు. సోమవారం మధ్యాహ్నం ఇచ్చాను. అతను నిలబడే చదివి, ఉత్తరాన్ని ఉన్న మడతల మీదే మళ్ళీ మడిచి, "మంచినీళ్ళు తాగుతవా పోస్టన్నా" అని అడిగాడు. తిడితే బాగుండేది. ఆదివారం నేనే వెళ్ళి ఇవ్వలేకపోయానా అని ఇప్పటికీ అనుకుంటాను. అందులో నా తప్పు నాకుంది. గోడ తప్పు గోడకుంది.

ఆ ఊళ్ళో రోడ్డు చివరికి పడింది. అప్పటికి ఆ అబ్బాయి ఊరు విడిచి పోయాడు.

కాబట్టి మామునూరులో నా మనవి ఒక్కటే. ప్రహరీకి మొదటి పునాది తవ్వే లోపు ప్రత్యామ్నాయ బాట మీద తారు పడాలి. కంకర పరిచి ఫొటో తీసి వదిలేసే బాట కాదు. ఆర్టీసీ బస్సు, గడ్డి ట్రాక్టరు ఎదురెదురుగా వస్తే తప్పుకునేంత వెడల్పు ఉండాలి. అంబులెన్సుకు అదే దారి. ఆ జాగ కూడా ఇప్పుడే 253 ఎకరాలతో పాటు లెక్కలో కలపకపోతే, రేపు "రోడ్డుకు భూమి లేదు, మళ్ళీ సేకరణ చెయ్యాలి" అని ఇంకో ఫైలు మొదలవుతుంది. ఫైళ్ళు ఎంత నింపాదిగా నడుస్తాయో పోస్టాఫీసులో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

విజయవాడ పక్కన గన్నవరం విమానాశ్రయంలో రన్‌వే పెంచడానికి ఏకంగా ఏలూరు కాలువనే మళ్ళించారు. అంత పెద్ద కాలువను తిప్పగలిగిన దేశంలో ఒక ఊరి బాటను తిప్పలేరని నేననుకోను. కాలువకు ఆయకట్టు రైతులున్నారు, ఇరిగేషన్ ఇంజినీర్లున్నారు, నీళ్ళు ఆగితే మర్నాడే గోల. బాట తెగితే గోల మెల్లగా వస్తుంది.

కాలువ అంటే గుర్తొచ్చింది, నీళ్ళ సంగతి. బల్లపరుపుగా చదును చేసిన అంత పెద్ద జాగ, దాని చుట్టూ గోడ. మీద పడ్డ వాన ఎటు పోతుంది? కాకతీయుల నాటి నుంచి ఇక్కడ నీళ్ళు ఒక చెరువు నిండి ఇంకో చెరువులోకి పోయే ఏర్పాటు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ కాలనీలు ఎట్లా మునిగాయో చూసిన వాళ్ళం. నాలా మీద ఇల్లు కట్టిన పేదవాణ్ణి తిట్టిన అధికారులే రేపు నాలాకు అడ్డంగా ప్రహరీ కట్టించకుండా చూసుకోవాలి. కొత్త బాటకు కల్వర్టులు ఎన్ని, ఎక్కడ అన్నది కూడా అదే ప్లానులో చూపిస్తే మేలు. ఆ వైపు ఏ పల్లంలో నీళ్ళు నిలుస్తాయో నా ప్యాంటుకు తెలుసు.

ఇంకో చిన్న మాట. విమానాశ్రయం చుట్టుపక్కల ఇళ్ళ ఎత్తు మీద పరిమితులుంటాయి, మేడ మీద మేడ వెయ్యాలంటే అనుమతి కావాలి. ఇది ఊళ్ళలో చాలామందికి తెలియదు. పరిహారం డబ్బుతో మొదట చేసేది ఇల్లు పెంచడమే. పునాది పడ్డాక వద్దంటే కొట్లాట, ముందే చెప్తే ఏమీ ఉండదు. దండోరా వేయించినా చాలు.

విమానం ఎక్కాలని నాకూ ఉంది, ఎక్కలేదు. మామునూరులోనే మొదటిసారి ఎక్కాలని పట్టుబట్టి కూచున్నాను. మా పెద్దాడు బెంగళూరు రమ్మని ప్రతి పండక్కీ పిలుస్తాడు. నేను రైలుకే పోతాను, మన ఊరి విమానం వచ్చినాక చూద్దాం లేరా అంటాను. వాడు నవ్వుతాడు.

కొలతలకు వచ్చే సర్వే బృందానికి ఆ బాట అడుగడుగునా చూపించే మనిషి కావాలంటే పత్రిక ద్వారా కబురు చెయ్యండి. ఏ పొద్దయినా సరే. సైకిలు ఇంకా నడుస్తూనే ఉంది. వెనక టైరు ఒక్కటి మార్పించాలి.

ఇట్లు,
రిటైర్డు పోస్ట్‌మ్యాన్,
ఉర్సు, వరంగల్