కొల్లేరు ఇచ్చే దానికి లెక్క ఎవరు రాస్తున్నారండి?

ఎడిటర్ గారికి నమస్కారం.

కొల్లేరు సరస్సు కాంటూరు గొడవ మీద, అంటే సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు గీత దాకా అభయారణ్యం హద్దు ఉండాలన్న దాని మీద, మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతూనే ఉన్నానండి, ఐదే ఉంచాలని కొందరు, మూడుకి తగ్గించాలని కొందరు, 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నప్పట్నుంచీ ఇదే నడుస్తోంది, మధ్యలో 2006లో ఆపరేషన్ కొల్లేరు అని సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు, కమిటీలొచ్చాయి, అసెంబ్లీలో తీర్మానం పెట్టారు, కోర్టుల దాకా వెళ్ళింది. ఎవరు రైటో తేల్చడానికి రాయట్లేదు నేను. సరస్సు మన జనానికి ఇచ్చేది ఇన్నేళ్ళలో పెరిగిందా తగ్గిందా, ఎంత తగ్గింది, ఆ లెక్క ఏ పుస్తకంలో ఉంది అని గట్టిగా అడిగినవాళ్ళు మాత్రం నాకు కనపళ్ళేదు. పాస్‌బుక్‌లో ఎంట్రీలే లేకుండా బ్యాలెన్స్ కోసం కొట్టుకున్నట్టుంది మన యవ్వారం.

పక్షులకైతే లెక్కుంది. ఏటా జనవరిలో నీటిపక్షులు లెక్కపెడతారు, ఆటపాకలో గూడబాతులు ఎన్ని వచ్చాయో ఫొటోలతో సహా పేపర్లో చూస్తాం. మంచిదే, కాదన్ను.

చేపల దగ్గరకొస్తే అసలు తిరకాసు అక్కడుంది. కైకలూరు చుట్టుపక్కల చూస్తే ఐస్ వేసిన ప్లాస్టిక్ ట్రేల్లో శీలావతి, బొచ్చె లారీలకి లారీలు హౌరాకి, అస్సాంకి పోతుంటాయి, రికార్డుల్లో చేపల ఉత్పత్తి బ్రహ్మాండంగా పెరిగింది. కానీ అది సరస్సు ఇచ్చింది కాదుగా. లీజు కట్టి, తౌడు వేసి, మందులు కొట్టి, కరెంటు బిల్లు కట్టి రైతు పండించుకున్న పంట అది. సరస్సు తనంతట తానిచ్చేది కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి, బొమ్మిడాయిలు, వల ఉంటే చాలు, దోనె మీద పోయి తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు మార్కెట్లో మూలన ఒక ఆవిడ దగ్గర బేసిన్లో కాసిని నాటు కొరమీనులు కదులుతుంటే జనం మూగుతున్నారు, రేటు అడిగి సగం మంది వెనక్కి పోతున్నారు. ఒక ఆఫీసుకెళ్ళి చెరువు చేపలు వదిలేసి వట్టి సరస్సులో పట్టిన నాటు చేప పదేళ్ళ లెక్క ఉంటే చూపించండి అని అడిగా, మొత్తం కలిపే ఉంటుందండీ అన్నారు. రెండూ కలిపి రాస్తే ఒకటి పడిపోతున్న సంగతి రెండోదాని కింద దాక్కుంటుంది కదండీ.

తర్వాత వరద. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇవిగాక డెల్టా డ్రెయిన్లన్నీ వచ్చి ఇందులోనే పడతాయి, బయటికి పోడానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబర్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు టీవీలన్నీ సింగ్ నగర్ చూపించాయి, ఆ నీళ్ళు ఆఖరికి ఎక్కడికొచ్చాయి మరి? ఇక్కడికే. వరదొచ్చినప్పుడల్లా పెదయడ్లగాడి దగ్గర నీటిమట్టం ఇంత అని పేపర్లో వేస్తారు, వరద పోగానే ఆ అంకె కూడా పోతుంది. ఎంత ఎత్తుకి వచ్చిందో ఒక్కటే రాస్తే సరిపోదండి, ఎన్ని రోజులకి దిగిందో కూడా పక్కన రాయాలి. గట్లు, గుర్రపుడెక్క, పూడిక అడ్డమున్న సరస్సు ఎంత నీరు ఆపగలదో, ఎంత త్వరగా వదలగలదో ఆ రెండు అంకెలు ఏటికేడు వరసగా పెట్టి చూస్తేగానీ తెలీదు.

ఎండాకాలం సరస్సులో నీరు తగ్గితే సముద్రం పోటు ఉప్పుటేరులోంచి పైకి ఎక్కుద్ది. దానికి రెగ్యులేటర్లు కడతామని ఎప్పట్నుంచో అంటున్నారు. కట్టండి, కానీ కట్టకముందు ఏ నెలలో ఎక్కడిదాకా ఎంత ఉప్పదనం ఉందో రాసిపెట్టకపోతే కట్టాక పని చేసిందో లేదో ఎవరు చెప్తారు? చుట్టూ నీళ్ళు పెట్టుకుని లంక గ్రామాల్లో తాగడానికి టిన్ను నీళ్ళు కొంటున్నారు, నెలకి ఇంటికెన్ని టిన్నులు అన్నది కూడా సరస్సు ఆరోగ్యానికి ఒక కొలతేనండి, నవ్వకండి.

ఇదేం నా సొంత కవిత్వం కాదు. ప్రకృతి మనకి ఇచ్చేవాటికి లెక్కలు ఎలా రాయాలో 2021లో ఐక్యరాజ్యసమితి స్టాటిస్టికల్ కమిషన్ ఒక పద్ధతి ఒప్పుకుంది, ఢిల్లీలో మన గణాంకాల శాఖ కూడా పర్యావరణ లెక్కల పుస్తకాలు వేస్తోంది. పైన దేశం మొత్తానికి పుస్తకం ఉంది, కింద ఊళ్ళో రిజిస్టర్ లేదు. ఉన్న కాసిని కాగితాలూ నీళ్ళు ఒక శాఖలో, చేపలు ఇంకో శాఖలో, పక్షులు అటవీ శాఖలో. పైగా 2022లో జిల్లాలు మారాక కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, ఆకివీడు పశ్చిమగోదావరిలోనే ఉంది, పాత లెక్క కొత్త లెక్క పక్కపక్కన పెట్టి చూద్దామన్నా కుదరని పరిస్థితి.

నేనడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. సరస్సు చుట్టూ పంచాయతీల్లో ఒక్కో రిజిస్టర్, నాటు చేప ఎంత పడింది, నీరు ఎంత ఎక్కి ఎన్నాళ్ళకి దిగింది, ఉప్పదనం ఎంత, గేదెలకి మేత దొరికిందా లేదా. రాసేవాళ్ళు మత్స్యకార సొసైటీ వాళ్ళైతే మేలు, రోజూ నీళ్ళలో ఉండేది వాళ్ళే కాబట్టి, దానికి ఎంతో కొంత డబ్బు కూడా ఇవ్వాలి, ఊరికే రాయమంటే ఎవరూ రాయరు. ఆ అంకెలు ఏటా ఒకసారి కలెక్టర్ ఆఫీసు బయటపెట్టాలి, మీ పేపర్ జిల్లా ఎడిషన్లో ఒక పేజీ ఇచ్చి వేయాలి, పక్షుల లెక్క వేసినట్టే.

ఇట్లు,
కైకలూరు నుంచి ఒక పాఠకుడు