బోల్ట్ ముఖం సరిచేసే పనిలో మేము మార్చిన పద్ధతి

మా దగ్గర రైఫిల్ పని చేయించుకునే వారందరికీ ఒక విషయం స్పష్టంగా తెలియజేయవలసి ఉంది. బోల్ట్ (తూటాను వెనుక నుంచి మూసి పట్టే కడ్డీ) ముందు ముఖం ఒక పక్కకు వాలి ఉందని, దానిని లేత్ మీద పెట్టి చదును చేయమని కోరుతూ వచ్చే రైఫిళ్లను ఇకమీదట కొలతలు పూర్తిగా తీయనిదే మేము కోయము. ఇందువల్ల పని పూర్తయి మీ చేతికి రావడానికి ఇదివరకటి కంటే ఎక్కువ కాలం పడుతుంది. కొన్ని రైఫిళ్లు ముఖం జోలికి పోకుండానే తిరిగి వస్తాయి. డబ్బు తీసుకునేది మేము కాబట్టి కారణాలు చెప్పవలసిన బాధ్యత కూడా మాదే.

తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు వెనక్కి నెట్టుకువచ్చి బోల్ట్ ముఖానికి అదుముకుంటుంది, ఆ ముఖం ఎలా ఉంటే కేసు అడుగు అలాగే తయారవుతుంది. ముఖం బ్యారెల్ (తుపాకి గొట్టం) అక్షానికి లంబంగా లేకపోతే అడుగు కూడా వాలుతుంది. ప్రతిసారీ కొత్త తూటాలు కాల్చేవారికి ఈ లోపం పెద్దగా తెలియదు. కాల్చిన కేసునే మళ్లీ నింపుకునేవారికి మాత్రం, ఒకసారి వాలిన అడుగు మరుసారి ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, వేరే దిక్కుకు తిరిగి కూర్చుని, దాని ఎత్తు అంచు ముందుగా ముఖాన్ని తాకుతుంది కాబట్టి, గుళ్లు లక్ష్యం మీద చెదురుతాయి.

అయితే కేసు అడుగు వాలినంత మాత్రాన తప్పు ముఖానిదేనని నిర్ణయించడానికి వీల్లేదు. ముందుగా కొత్త కేసును వీ ఆకారపు దిమ్మ మీద పడుకోబెట్టి, దాని మూతిని ఒక గట్టి ఆపుకు ఆనించి, అడుగు అంచు మీద డయల్ ఇండికేటర్ పెట్టి నెమ్మదిగా తిప్పుతూ ముల్లు ఎంత కదిలిందో రాసుకుంటాము. ఆ తరువాత కేసు పక్కన పెన్నుతో గీత గీసి, ఛాంబర్‌లో గీత ఎప్పుడూ పైకే ఉండేలా పెట్టి కాల్చి, మళ్లీ కొలుస్తాము. ఎత్తుగా ఉన్న చోటు అన్ని కేసుల్లోనూ గీతకు ఒకే పక్కన వస్తే లోపం రైఫిల్‌లో ఉన్నట్టు. ఒక్కో కేసులో ఒక్కో పక్కన వస్తే కేసులే సమంగా లేవు, అప్పుడు బోల్ట్‌ను కోసినందువల్ల ఒరిగేదేమీ లేదు. అడుగున అక్షరాల మీద మెరిసే చిన్న మచ్చను చూపించి ముఖం వాలిందనేవారు చాలామంది ఉన్నారు. ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసే భాగం) రంధ్రంలోకి ఇత్తడి ఒత్తుకుపోయి, బోల్ట్ తిప్పినప్పుడు అక్కడ గీరుకుపోతే అటువంటి మచ్చ పడుతుంది. పీడనం ఎక్కువైనప్పుడు అది తరచుగా కనిపిస్తుంది కాబట్టి ముందు తుపాకి మందు తూకాన్ని చూసుకోవాలి.

లోపం రైఫిల్‌దేనని తేలినా, మేము మొదట అనుమానించేది లాకింగ్ లగ్గులను, అంటే మూసిన బోల్ట్‌ను కదలకుండా పట్టి ఉంచే దంతాలను. 1898 నాటి మౌజర్ నమూనాను అనుసరించిన బోల్ట్‌లలో ముందువైపు ఎదురెదురుగా ఉన్న రెండు లగ్గులే ప్రధానంగా భారం మోస్తాయి. వాటి వెనుక వైపు నీలిరంగు పూత పలచగా రాసి, బోల్ట్‌ను వెనక్కి ఒత్తిపట్టి మూసి తెరిస్తే, ఆనిన చోట రంగు చెరుగుతుంది. ఒక లగ్గు మీద ఉక్కు తళతళలాడుతూ బయటపడి, రెండోదాని మీద పూత తడి ఆరకుండా అలాగే మిగిలితే, పేలిన ప్రతిసారీ బోల్ట్ ఒకవైపే భారం మోసి వంగుతున్నదని అర్థం. అటువంటి బోల్ట్ ముఖం లేత్ మీద ఎంత సమంగా తేలినా రైఫిల్‌లో వాలే ఉంటుంది. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. రైఫిల్ కాక్ అయి (పేల్చడానికి సిద్ధంగా) ఉన్నప్పుడు ట్రిగ్గర్ సియర్ (ఫైరింగ్ పిన్‌ను ఆపి పట్టే మెట్టు) బోల్ట్ వెనుక కొసను పైకి నెడుతుంది. బోల్ట్‌కూ అది కదిలే రిసీవర్‌కూ మధ్య వదులు ఎక్కువైన రైఫిల్‌లో ఆ ఒత్తిడికి పై లగ్గు తన ఆనికను వదిలేస్తుంది. అందుకే తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ తీసి ఒకసారి, పిన్‌నూ ట్రిగ్గర్‌నూ బిగించి ఖాళీ ఛాంబర్‌తో మరొకసారి ఈ రంగు పరీక్ష చేస్తాము. కాలం ఎక్కువగా పట్టేది ఇక్కడే, దీనిని కుదించే ఉద్దేశం మాకు లేదు.

లగ్గులు సరిగా ఆనుతున్నాయని రూఢి అయిన తరువాతే ముఖాన్ని కొలుస్తాము. వాలు అంగుళంలో వెయ్యోవంతు, అంటే 0.025 మిల్లీమీటరు కూడా లేని వేట రైఫిల్‌ను అలాగే వదిలేయడం మంచిదని మా అభిప్రాయం. ఎందుకంటే ముఖం నుంచి తీసిన ప్రతి వెయ్యోవంతూ, లగ్గులు సమంగా ఆనేలా వాటి వెనుక తీసినదానితో కలిసి, హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్ట్ ముఖానికీ ఛాంబర్‌లో కేసు ఆగే చోటుకూ మధ్య దూరాన్ని) పెంచుతుంది. .308 వించెస్టర్‌కు గో గేజ్ (దీని మీద బోల్ట్ మూసుకోవాలి) 1.630 అంగుళాలు, నో-గో గేజ్ (దీని మీద మూసుకోకూడదు) సాధారణంగా 1.634 అంగుళాలు. మనకున్న వెసులుబాటు నాలుగు వెయ్యోవంతులే, వాడిన రైఫిల్‌లో అందులో కొంత ఇప్పటికే ఖర్చయి ఉండవచ్చు. పైగా ముఖం లోపలికి జరిగితే ఫైరింగ్ పిన్ ఎక్కువగా బయటికి పొడుచుకువస్తుంది, కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కేనికీ ముఖానికీ మధ్య సందు పెరుగుతుంది. చాలా బోల్ట్‌ల మీద గట్టిపరచిన పొర పలచగా ఉంటుంది, దానిని దాటి కోస్తే లోపలి మెత్తటి ఉక్కు బయటపడుతుంది. తూటా పేలిన పీడనం మీ చెంపకు జానెడు దూరంలో పుడుతుంది కాబట్టి ఈ విషయంలో మీరు బతిమాలినా మేము సడలించము.

ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న మూత) చుట్టూ వాయువు లీకై ముఖం మీద పడిన సన్నని గుంటల వలయాన్ని, అది లోతుగా లేనంతవరకు, కేవలం చూపు కోసం చెరపము. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 వంటి వాటికి బోల్ట్ తల విడిగా ఉండి, 0 నుంచి 3 వరకు అంకెలతో వేర్వేరు పొడవుల్లో తయారైంది కనుక, ముఖం పాడైతే తల మార్చి గేజ్‌తో చూడడమే సరైన మార్గం. నూనెరాయితో ఇంట్లో రుద్ది సరిచేసే ప్రయత్నం దయచేసి చేయవద్దు. చేతితో రుద్దిన ముఖం అంచుల వద్ద గుండ్రబడుతుంది, ఆ తరువాత దానిని చదును చేయాలంటే మరింత ఉక్కు తీయాలి.

కోత తరువాత నో-గో గేజ్ మీద బోల్ట్ మూసుకునేలా ఉంటుందని లెక్క తేలితే, బ్యారెల్‌ను వెనక్కి జరిపి ఛాంబర్‌ను తిరిగి తొలచాలి. అది వేరే పని, వేరే ఖర్చు, మీ రాతపూర్వక అంగీకారం లేకుండా మొదలుపెట్టము. ఇప్పటికే మా దగ్గర ఉన్న రైఫిళ్ల యజమానులకు కొలతల కాగితం విడివిడిగా పంపిస్తున్నాము. దానిని చూసి వేచి ఉండలేమనుకున్నవారు కొలతకు ఏమీ చెల్లించకుండా రైఫిల్ వెనక్కి తీసుకోవచ్చు. కొత్తగా తెచ్చేవారు రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, అదే రైఫిల్‌లో గీత పైకి పెట్టి కాల్చిన కేసులు కొన్నింటిని కడగకుండా, సైజు చేయకుండా (అచ్చులో నొక్కి పాత కొలతకు తేకుండా) వెంట తీసుకురండి.