ఆ స్టూలు పెట్టినవారికి

నాకు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే ఒక రకం రక్త క్యాన్సర్ ఉంది. 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చాక ఈ జబ్బుతో చాలామంది ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నేనూ రోజూ తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుని డ్యూటీకి వస్తాను. చూసేవాళ్లకు బాగానే కనిపిస్తాను. కానీ ఈ అలసట ఒక రాత్రి నిద్రతో తీరేది కాదు. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి, కౌంటర్ దగ్గర నిలబడలేను. జబ్బు ఎంత అదుపులో ఉందో చూడటానికి 3 నెలలకోసారి చేసే పీసీఆర్ రక్తపరీక్ష, ఆ రిపోర్టు వచ్చేదాకా టెన్షన్, అది వేరే.

కూర్చోడానికి ఏదైనా కావాలని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఇక పని చేయలేననుకుంటారేమోనని భయం.

మొన్న సోమవారం వచ్చేసరికి నా కౌంటర్ వెనక ఒక స్టూలు ఉంది. ఒక కాలు కాస్త పొట్టి. ఊగకుండా దాని కింద అట్టముక్క మడిచి పెట్టారు. స్టూలు కంటే ఆ అట్టముక్క చూసే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరినడిగినా నేను కాదంటే నేను కాదన్నారు.

మీరెవరో తెలియదు. ఈ వారం ఒక్క సెలవు కూడా పెట్టలేదండీ. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.